రుణ సంఖ్యను నమ్మడానికి అంత కాలం ఎందుకు పట్టింది?

భాస్కరాచార్యుడి బీజగణితంలో ఒక కోతుల లెక్క ఉంది. గుంపులో అయిదో వంతు తీసుకుని, అందులోంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే ఎంత వస్తుందో అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒక్క కోతి మాత్రం చెట్టు కొమ్మ మీద కనిపిస్తోంది. గుంపులో మొత్తం కోతులెన్ని? ఇది వర్గ సమీకరణం కాబట్టి రెండు జవాబులొస్తాయి: 50, 5. యాభైతో సరిచూస్తే అయిదో వంతు 10, మూడు తీస్తే 7, దాని వర్గం 49, కొమ్మ మీది కోతితో కలిపి 50. అయిదుతో సరిచూసినా లెక్క తప్పదు. అయిదో వంతు 1, మూడు తీస్తే −2, దాని వర్గం 4, ఒకటి కలిపితే 5. అయినా భాస్కరుడు ఈ రెండో జవాబును తీసుకోకూడదంటాడు. ఒక కోతిలోంచి మూడు కోతుల్ని తీయలేం కదా. కంటికి తెలిసే రాశి రుణంగా మారితే లోకానికి దానిమీద నమ్మకం ఉండదని కారణం కూడా చెబుతాడు.

లీలావతిలో అదే భాస్కరుడు ఒక త్రిభుజం ఇచ్చాడు. భుజాలు 10, 17, భూమి 9. పై శీర్షం నుంచి భూమి మీదికి లంబం గీస్తే అది భూమిని ఏ రెండు ముక్కలుగా విడదీస్తుంది? ఆయన పద్ధతి ప్రకారం 17 వర్గం నుంచి 10 వర్గం తీస్తే 189, దాన్ని 9తో భాగిస్తే 21. ఇప్పుడు 9కి 21 కలిపి సగం చేస్తే ఒక ముక్క 15. తొమ్మిదిలోంచి 21 తీసి సగం చేస్తే రెండో ముక్క −6. ఇక్కడ భాస్కరుడు తడబడలేదు. ఇది రుణం, అంటే వ్యతిరేక దిశలో ఉందని అర్థం అని చెప్పి ముందుకు సాగిపోయాడు. బొమ్మ గీసి చూస్తే లంబం నిజంగానే భూమి దాటి ఆరు యూనిట్లు బయట పడుతుంది. దాని ఎత్తు 8, త్రిభుజం వైశాల్యం 36. అన్నీ సరిపోతాయి.

ఈ రెండు లెక్కలూ 1150లో పూర్తయిన సిద్ధాంత శిరోమణిలోని భాగాలే. రాసినవాడు ఒక్కడే, రుణ సంఖ్యలతో కూడికలు, గుణకారాలు చేయడం క్షుణ్ణంగా తెలిసినవాడు. ఒక చోట రుణాన్ని తోసిపుచ్చి ఇంకో చోట చేయి పట్టుకుని నడిపించడం అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. దిశకు వ్యతిరేక దిశ ఉంది, కోతికి వ్యతిరేకమైన కోతి లేదు. రుణ సంఖ్యల చరిత్ర చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరిగింది. లెక్క చేసే సూత్రం ఎప్పుడో దొరికింది. వచ్చిన జవాబును నమ్మడం మాత్రం దానికి ఎదురుగా నిలబెట్టగల వస్తువు ఏదైనా చూపించగలిగిన చోటే జరిగింది. అలాంటి వస్తువేదీ చూపించకపోయినా ఫరవాలేదని గణితం తేల్చుకునేసరికి 19వ శతాబ్దం వచ్చేసింది.

సూత్రం ఎంత పాతదో చెప్పాలంటే చైనాకు వెళ్లాలి. హాన్ వంశ కాలంలో రూపుదిద్దుకున్న 'తొమ్మిది అధ్యాయాలు' అనే గణిత గ్రంథంలో ఎనిమిదో అధ్యాయం ఈనాటి ఏకకాలిక సమీకరణాల గురించే. అందులో ఒక పశువుల బేరం ఉంది. రెండు ఆవులు, అయిదు గొర్రెలు అమ్మి పదమూడు పందులు కొంటే 1000 నాణేలు మిగులుతాయి. మూడు ఆవులు, మూడు పందులు అమ్మి తొమ్మిది గొర్రెలు కొంటే సరికి సరి. ఆరు గొర్రెలు, ఎనిమిది పందులు అమ్మి అయిదు ఆవులు కొంటే 600 నాణేలు తక్కువ పడతాయి. ఒక్కోదాని ధర ఎంత? అమ్మినవి ధనం, కొన్నవి రుణం, మిగులు ధనం, లోటు రుణం అని పెట్టుకుని పలక మీద పుల్లలు పేర్చి లెక్క చేసేవారు. 263లో ఈ గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన లియు హుయి ఎర్ర పుల్లలు ధనానికి, నల్ల పుల్లలు రుణానికి అని వివరించాడు. ఆవు 1200, గొర్రె 500, పంది 300 అని జవాబు వస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే నల్ల పుల్లలు లెక్క మధ్యలో మాత్రమే ఉంటాయి. చివరికి మిగిలేవి మామూలు ధరలే. రుణం ఇక్కడ పనిముట్టు మాత్రమే, ఇంకా జవాబు కాలేదు.

రుణాన్ని తనంత తానుగా ఒక రాశిగా నిలబెట్టి, సున్నాను కూడా కలుపుకుని నియమాలన్నీ ఒక్కచోట పెట్టినవాడు బ్రహ్మగుప్తుడు. నేటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్‌లో, ముప్ఫై ఏళ్ల వయసులో, 628లో ఆయన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రాశాడు. పద్దెనిమిదో అధ్యాయంలో వరసగా చెబుతాడు: రెండు ధనాల మొత్తం ధనం, రెండు రుణాల మొత్తం రుణం, సమానమైన ధన రుణాల మొత్తం సున్నా. సున్నాలోంచి ధనాన్ని తీస్తే రుణం, సున్నాలోంచి రుణాన్ని తీస్తే ధనం. ధన రుణాల లబ్ధం రుణం, రెండు రుణాల లబ్ధం ధనం. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్న ఒక్క మాట ఈనాటి గణితం ఒప్పుకోదు. మిగతావన్నీ దాదాపు 1400 ఏళ్ల తర్వాత మన బడుల్లో అక్షరాలా అలాగే చెబుతున్నారు.

ధనం, రుణం అన్న పేర్లలోనే ఆయన ఎంచుకున్న ఆధారం కనిపిస్తుంది. కూడికకు, తీసివేతకు అప్పు అనే ఆలోచన చక్కగా సరిపోతుంది. చేతిలో 300 ఉండి 500 బాకీ ఉంటే మనిషి స్థితి −200. ఆ బాకీలోంచి 500 రద్దయితే అతను 300 ఉన్నవాడవుతాడు. రుణాన్ని తీసేయడం అంటే ధనాన్ని కలపడమేనని ఏ చిల్లర కొట్టు యజమానికీ వివరించి చెప్పక్కర్లేదు. చిక్కంతా గుణకారంలోనే ఉంది. బాకీని బాకీతో గుణించడం అంటే ఏమిటి? రెండు రూపాయల అప్పును మూడు రూపాయల అప్పుతో గుణిస్తే ఆరు రూపాయల ఆస్తి ఎలా వస్తుంది? 'రెండు రూపాయల బాకీని మూడు సార్లు రద్దు చేయడం' అని సర్దిచెప్పవచ్చు. కానీ అప్పుడు మొదటి సంఖ్య డబ్బు, రెండోది చేసిన పనుల లెక్క. అవి రెండూ ఒకే జాతి కావు. సూత్రాన్ని శ్లోకంలో చెప్పే సంప్రదాయంలో బ్రహ్మగుప్తుడు కారణం చెప్పలేదు. ఆ ఖాళీ చాలా కాలం అలాగే ఉండిపోయింది.

ఆయన తర్వాత రెండు వందల ఏళ్లకు రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. రుణం దాని స్వభావం వల్ల ఏ సంఖ్యకూ వర్గం కాదు, అందుచేత దానికి వర్గమూలం లేదు అని స్పష్టంగా చెప్పినవాడు ఆయనే. ఈ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. తెలుగులో మనకు తెలిసిన తొలి గణిత గ్రంథం అదే. కవిత్వం వైపు నన్నయకు ఇచ్చే గౌరవంలో కొంతైనా శాస్త్రం వైపు మల్లనకు దక్కాలి.

కారణం చెప్పాలన్న తపన వ్యాఖ్యాతల్లో కనిపిస్తుంది. 1600 ప్రాంతంలో భాస్కరుడి బీజగణితానికి వ్యాఖ్యానం రాసిన కృష్ణ దైవజ్ఞుడు రుణత్వం మూడు రకాలన్నాడు: దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి, వస్తువును బట్టి. తూర్పును ధనం అనుకుంటే పడమర రుణం. గడిచిన కాలాన్ని ఒకటిగా తీసుకుంటే రాబోయే కాలం దానికి ఎదురు. ఒకరి దగ్గరున్న సొమ్ము ధనం, ఇవ్వాల్సిన సొమ్ము రుణం. భాస్కరుడు త్రిభుజం దగ్గర పనిలో పనిగా చెప్పి వదిలేసిన మాటను ఈయన సిద్ధాంతంగా విప్పాడు. ఇంతకన్నా సూటిగా ఆ కాలంలో ఈ విషయాన్ని చెప్పినవారు అరుదు.

పడమర వైపు దారి వేరు. 3వ శతాబ్దం ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో డయోఫాంటస్ తీసివేతను తీసివేతతో గుణిస్తే కూడిక వస్తుందన్న నియమాన్ని వాడాడు. ఇది వినగానే రుణ సంఖ్యలు ఆయనకు తెలుసనిపిస్తుంది, కానీ విషయం వేరు. (10 − 2) ను (10 − 3) తో గుణించాలంటే 100 లోంచి 30, 20 తీసేయాలి, మళ్లీ 6 కలపాలి. అప్పుడే 8 × 7 = 56 వస్తుంది. ఆ 6 కలపక తప్పదు. ఇక్కడ 2, 3 అనేవి పెద్ద సంఖ్యలోంచి తీసేస్తున్న మామూలు సంఖ్యలే. విడిగా నిలబడ్డ −2 ఎక్కడా లేదు. ఒక సమీకరణం 4 = 4 రెట్ల రాశి + 20 అని తేలినప్పుడు, అంటే కనుక్కోవాల్సిన సంఖ్య (రాశి) −4 కావాల్సి వచ్చినప్పుడు, డయోఫాంటస్ దాన్ని అర్థంలేనిదని పక్కన పెట్టేశాడు. అంటే గుర్తుల నియమం పుట్టడానికి రుణ సంఖ్య అవసరం లేదు. పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ ఒకేసారి పరిచయం చేయడం వల్ల మనకు ఆ తేడా తెలియదు.

9వ శతాబ్దపు బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ కూడా ఈ పద్ధతిలోనే నడిచాడు. రుణ గుణకాలు లేకపోవడంతో వర్గ సమీకరణాలను ఆయన ఆరు రకాలుగా విడదీయాల్సి వచ్చింది. వర్గమూ రాశీ కలిసి సంఖ్యకు సమానమైతే ఒక పద్ధతి, వర్గమూ సంఖ్యా కలిసి రాశికి సమానమైతే ఇంకో పద్ధతి, ఇలా. ఈరోజు పదో తరగతి విద్యార్థి ఒకే ఫార్ములాతో చేసే పని అది. 12వ శతాబ్దంలో అల్ సమవాల్ గుర్తుల నియమాలను పూర్తిగా రాసినా యూరప్‌కు చేరింది మాత్రం అల్ ఖ్వారిజ్మీ దారి. 1202లో ఫిబొనాచీ ఒక లెక్కలో వచ్చిన రుణ జవాబును అప్పుగా అర్థం చేసుకున్నాడు. వ్యాపారి ఇంట పెరిగినవాడికి అది సహజమే. అయితే వ్యాపారులే రుణ సంఖ్యను తప్పించుకునే దారి కూడా చూపించారు. 1494లో పాచియోలీ అచ్చువేసిన జంటపద్దు విధానంలో జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు. రెండు వైపులా రాసేవి మామూలు సంఖ్యలే, మైనస్ గుర్తుతో పనే లేదు. మన చిట్టా ఆవర్జాలు రాసినవాళ్లకూ ఇదే అనుభవం. లక్షల అప్పులు లెక్కగట్టే ఊళ్లో కూడా రుణ సంఖ్య లేకుండా రోజు గడిచిపోతుంది. వ్యాపారం పెరిగితే రుణ సంఖ్య దానంతటదే వస్తుందన్న వాదన అందుకే నిలబడదు.

తప్పించుకున్నందుకు యూరప్ గణితం చెల్లించిన మూల్యం 1545లో కార్డానో రాసిన ఆర్స్ మాగ్నాలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఘన సమీకరణాలను సాధించిన గొప్ప గ్రంథం అది. అందులో వాటికోసం 13 అధ్యాయాలు ఉన్నాయి. ఘనమూ రాశీ కలిసి సంఖ్యకు సమానమైతే ఒకటి, ఘనం ఒక్కటే రాశికీ సంఖ్యకూ కలిపి సమానమైతే మరొకటి. గుర్తు మారితే అధ్యాయం మారుతుంది, రుజువూ మారుతుంది. రుణ మూలాలను ఆయన గుర్తించాడు, కానీ కల్పితాలు అని పేరు పెట్టాడు. 1637లో డెకార్ట్ వాటిని అబద్ధపు మూలాలన్నాడు.

17వ శతాబ్దంలో వచ్చిన అభ్యంతరాలను వెనకబాటుతనంగా కొట్టిపారేయకూడదు. ఫ్రెంచ్ తాత్వికుడు ఆంత్వాన్ ఆర్నో అడిగిన ప్రశ్న చాలా పదునైనది. 1కి −1 ఎంతో, −1కి 1 అంతే అని గుర్తుల నియమం చెబుతోంది. కానీ 1 పెద్దది, −1 చిన్నది. పెద్దదానికి చిన్నదానితో ఉన్న నిష్పత్తి, చిన్నదానికి పెద్దదానితో ఉన్న నిష్పత్తి ఒకటే ఎలా అవుతుంది? నిష్పత్తి అంటే పరిమాణాల పోలిక అనుకున్నంత కాలం దీనికి జవాబు లేదు. లైబ్నిజ్ 1712లో ఈ అభ్యంతరం సబబేనని ఒప్పుకుంటూనే, ఇలాంటి రాశులతో లెక్క చేస్తే ఫలితం సరిగ్గా వస్తుంది కాబట్టి వాడుకోవచ్చన్నాడు. జాన్ వాలిస్ ఆలోచన ఇంకో మలుపు తిరిగింది. ఒకటిని 3తో, 2తో, 1తో, చివరికి సున్నాతో భాగిస్తూ పోతే ఫలితం పెరుగుతూ అనంతం అవుతుంది. మరి సున్నా కన్నా చిన్నదైన −1తో భాగిస్తే వచ్చేది అనంతం కన్నా పెద్దది కావాలి కదా! 1656లో ఆయన అచ్చంగా ఇలాగే వాదించాడు. అదే వాలిస్ 1685లో, ఒక మనిషి అయిదు గజాలు ముందుకు వెళ్లి ఎనిమిది గజాలు వెనక్కి వస్తే బయల్దేరిన చోటికి మూడు గజాలు వెనక ఉంటాడని గీత మీద చూపించాడు. యూరప్ ఈ బొమ్మను అందుకునేసరికి లీలావతి త్రిభుజానికి అయిదు వందల ఏళ్లు దాటాయి.

బొమ్మ దొరికినా గొడవ తీరలేదు. ఇంగ్లండ్‌లో అది ఇంకా ముదిరింది. క్యూబెక్‌లో అటార్నీ జనరల్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ మసేరెస్ 1758లో రాసిన పుస్తకంలో మైనస్ గుర్తును పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీయడానికి తప్ప ఇంకెందుకూ వాడకూడదని పట్టుబట్టాడు. 1796లో విలియం ఫ్రెండ్ రుణ సంఖ్యలు ఒక్కటి కూడా లేకుండా బీజగణితం రాశాడు. వీళ్లు చదువు లేనివాళ్లు కారు. రేఖాగణితంలో ప్రతి మెట్టుకూ కారణం ఉంటే బీజగణితంలో మాత్రం 'నమ్ము, ఫలితం వస్తుంది' అనడం వాళ్లకు అవమానంగా తోచింది. వాళ్లు పెట్టిన ప్రమాణం సరైనదే, పారేసినదే విలువైనది.

ఫ్రెండ్ అల్లుడు ఆగస్టస్ డి మోర్గాన్. 1806లో మదురైలో పుట్టి, పసితనంలోనే ఇంగ్లండ్ చేరి, లండన్‌లో గణిత ఆచార్యుడైన మనిషి. 1831లో ఆయన ఒక లెక్క ఇచ్చాడు. తండ్రికి 56 ఏళ్లు, కొడుక్కి 29. ఎన్నేళ్ల తర్వాత తండ్రి వయసు కొడుకు వయసుకు రెట్టింపవుతుంది? సమీకరణం సాధిస్తే −2 వస్తుంది. ఈ జవాబుకు అర్థం లేదు, ప్రశ్నను తప్పుగా అడిగామని ఇది చెబుతోంది అన్నాడు డి మోర్గాన్. 'ఎన్నేళ్ల క్రితం రెట్టింపుగా ఉండేది' అని మార్చి అడిగితే రెండేళ్లు అని వస్తుంది. అప్పుడు తండ్రికి 54, కొడుక్కి 27. గడిచినదీ రాబోయేదీ పరస్పరం ధన రుణాలే అని కృష్ణ దైవజ్ఞుడు అప్పటికి రెండు శతాబ్దాల క్రితమే రాసిపెట్టాడు. ఆ చూపుతో చూస్తే −2 అన్నదే పూర్తి జవాబు, ప్రశ్నను తిరగరాయాల్సిన పని లేదు. తర్వాతి రోజుల్లో డి మోర్గాన్ ఆలోచన కూడా మారింది. దాన్ని మార్చింది కొత్త బొమ్మ కాదు, ప్రశ్నే మారిపోవడం.

అప్పటిదాకా అడిగిన ప్రశ్న 'ఈ −2 అంటే ఏమిటి, లోకంలో ఎక్కడుంది' అని. 1830లో జార్జ్ పీకాక్ బీజగణితాన్ని రెండుగా విడదీశాడు. మొదటిది అంకగణితానికి సంక్షిప్త రాత. అందులో మూడులోంచి అయిదు తీయడం కుదరదు. రెండోది గుర్తుల బీజగణితం. అందులో తీసివేతకు ఏ హద్దూ లేదు, మొదటిదానిలో చెల్లిన నియమాలన్నీ ఇక్కడా చెల్లాలన్నదే షరతు. ఎందుకు చెల్లాలో పీకాక్ గట్టిగా నిరూపించలేకపోయాడు. అయినా దృష్టి వస్తువు మీంచి నియమం మీదికి మారింది. 1843లో హామిల్టన్ క్రమం మారిస్తే లబ్ధం మారిపోయే కొత్త సంఖ్యలను తయారు చేశాడు. దాంతో పాత నియమాలన్నీ ఎల్లకాలం చెల్లాలన్న పట్టు కూడా సడలింది. ఏ నియమాలు ఉంచుకోవాలో ఎంచుకోవడం గణితజ్ఞుడి పని అయింది.

1867లో హెర్మాన్ హాంకెల్ విషయాన్ని తేల్చేశాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అన్నదానికి లోకంలోని అప్పులూ దారులూ రుజువు కాలేవు. విభాగ న్యాయం, అంటే ఒక సంఖ్యతో మొత్తాన్ని గుణించినా, భాగాలను విడివిడిగా గుణించి కలిపినా ఒకటే అన్న నియమం, కొత్త సంఖ్యలకూ వర్తించాలని మనం కోరుకుంటే చాలు. ఆ తర్వాత మనకు వేరే దారి ఉండదు. (−2) × (3 + (−3)) తీసుకోండి. కుండలీకరణంలో ఉన్నది సున్నా, కాబట్టి లబ్ధం సున్నా. విడగొడితే (−2) × 3 అంటే −6, దానికి (−2) × (−3) కలపాలి. రెండూ కలిసి సున్నా కావాలంటే (−2) × (−3) విలువ 6 తప్ప ఇంకేదీ కాలేదు. ఎవరైనా దాన్ని −6 అనుకోవాలంటే అనుకోవచ్చు, కానీ విభాగ న్యాయాన్ని వదులుకోవాలి. అది లేకపోతే బడిలో నేర్చే బీజగణితంలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ రుజువు చిన్నది, ఇందులో ఏడో తరగతికి అందనిది ఏమీ లేదు. అయినా మన తరగతుల్లో ఎక్కువగా వినిపించేది 'మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, గుర్తుపెట్టుకో' అనే మాటే. ఎందుకు అని అడిగిన పిల్లకు పరీక్ష టెన్షన్ చూపించి కూర్చోబెట్టడం చాలా చోట్ల జరిగేదే. ఆ పిల్ల అడిగింది ఆర్నో, మసేరెస్ అడిగిన ప్రశ్న. కూడిక దగ్గర అప్పు చూపించవచ్చు, తీసివేత దగ్గర దారిలో ముందుకూ వెనక్కూ నడిపించవచ్చు. గుణకారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ ఉదాహరణలు చాలవని ఒప్పుకుని, విభాగ న్యాయం ఉంచుకోవాలంటే ఇలాగే రావాలి అని పైనున్న మూడు లైన్లూ బోర్డు మీద రాసి చూపించాలి. దానికి పీరియడ్‌లో అయిదు నిమిషాలు కూడా పట్టవు.